నాయిన గీసిన తాపీ మొగ

మా నాయిన సూరత్‌లో ముప్పై ఏళ్ల పాటు చీరలకు పూలు గీశాడు. చీర మీద కాదు, గళ్ల కాయితం మీద. ఆ గళ్లను చూసి అట్టలకు రంధ్రాలు పొడుస్తారు. ఆ అట్టలు జకార్డ్ మగ్గం మీద తిరుగుతుంటే చీర అంచులో నెమళ్లూ మామిడి పిందెలూ పడతాయి. ఆ గళ్ల కాయితాన్ని ఇక్కడ నక్షా అంటారు. మా కరీంనగర్ వైపు భూముల కొలతలు గీసిన కాయితాన్నీ నక్ష అనే అంటారు. నాయిన వారంలో ఆరు రోజులు మొదటి రకం నక్ష గీసేవాడు. ఏడో రోజు రెండో రకం గీసేవాడు. నేను చెప్పబోయేది ఆ ఏడో రోజు సంగతి.

తాపీ నది సముద్రంలో కలిసే చోటు, మొగ అంటామే, అక్కడ. ఇచ్ఛాపూర్ దాటి, ఫ్యాక్టరీల గొట్టాలు వెనకబడ్డాక, మట్టికట్ట దిగితే బురద మొదలవుతుంది. కనుచూపు మేర బురద, మడచెట్లు, వాటి మధ్య మెలికలు తిరిగే ఉప్పునీటి కాలవలు. ఆ కాలవల్ని ఇక్కడ ఖాడీలంటారు. రోజుకు రెండుసార్లు సముద్రం వచ్చి ఆ నేలనంతా కప్పేసి మళ్లీ వెనక్కి పోతుంది. అక్కడ రోడ్డు లేదు, ఇల్లు లేదు. బెస్తవాళ్లు తప్ప ఎవరూ పోరు.

నాయిన పందొమ్మిదేళ్లప్పుడు మేనమామ వెంట సూరత్ వచ్చి మరమగ్గాల మీద పనికి చేరాడు. లింబాయత్‌లో ఒకే గదిలో పదిమంది. సెలవు రోజున మిగతావాళ్లు సినిమాకు పోతే, ఈయన సముద్రం చూద్దామని ఒక దోస్తు సైకిలు అడిగి తీసుకున్నాడు. డూమస్ బీచికి పోయి వేడివేడి భజ్జీలు తిని రమ్మని అందరూ చెప్పారు. దారి తప్పి, వంతెన దాటి, నదికి అవతలి ఒడ్డున తేలాడు. నీళ్లు వెనక్కి పోయి ఉన్న వేళ అది. మట్టికట్ట మీద కూర్చుని పొద్దు నడినెత్తికి వచ్చేదాకా చూస్తూనే ఉన్నాడట. ఆ వారమే చౌక్ బజార్‌లో ఊరి పటం ఒకటి కొన్నాడు. అందులో నది నీలంగా వంకరలు తిరుగుతూ వచ్చింది కాని, మొగ దగ్గర రెండు పక్కలా కాయితం తెల్లగా వదిలేసి ఉంది. అక్కడ ఏముందని దుకాణదారుణ్ని అడిగితే, కీచడ్ ఉంది భాయ్, ఇంకేముంటుంది అన్నాడట.

ఆ జవాబు నాయినకు నచ్చలేదు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నానో ఆ మాట. "బురదుంటె బురదనే గియ్యాలె గద బిడ్డా, తెల్లగ ఎట్ల ఇడిసిపెడ్తరు?"

తర్వాత పెళ్లయింది, నేను పుట్టాను. బొమ్మలు గీసే చేయి అని ఒక సేఠు గుర్తుపట్టి మగ్గం మీంచి తీసి గళ్ల కాయితం ముందు కూర్చోబెట్టాడు. చిత్తు కాయితాలు ఇంటికి తెచ్చుకోనిచ్చేవారు. నాయిన వాటి వెనక వైపున, మైదాపిండి జిగురుతో ఒకదాని పక్కన ఒకటి అతికించుకుంటూ, తాపీ మొగను గీయడం మొదలుపెట్టాడు. వెనక్కి లీలగా కనబడే ఒక్కో గడి అంటే ఆయన అడుగులు ఇరవై.

నేను మునిసిపాలిటీ వాళ్ల తెలుగు బడిలో ఐదో తరగతిలో ఉన్నప్పుడు మొదటిసారి నన్ను వెంట తీసుకుపోయాడు. అమ్మ ఒప్పుకోలేదు. అమ్మ అప్పట్లో ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అతికించేది. ఆడపిల్లను బురదలో తిప్పుతావా, జ్వరమొస్తే ఎవరు చూడాలి అని తిట్టింది. నాయిన చెప్పులు తొడుక్కుంటూ, "లెక్క పెట్టేతందుకు నాకొకలు గావాలె" అన్నాడు. అది నిజమే. ఆయన కన్ను దిక్సూచి మీద ఉంటే అడుగుల లెక్క తప్పిపోయేది. అప్పటిదాకా గీసిన సగం ఖాడీలు అందుకే పొట్టిగానో పొడుగ్గానో వచ్చాయట.

నా పని ఆయన అడుగులు లెక్కపెట్టడం. వంద కాగానే చేతిలోని ఎర్ర దారానికి ముడి వేయాలి. మొదటి రోజు ముప్పై ఒక్క ముడులు వేశాను. నా చెప్పులు రెండూ బురదలో పోయాయి. మోకాలి దాకా దిగబడితే కాలు ఎలా తీయాలో అక్కడే నేర్చుకున్నాను. ముందు మడమ కదిలించాలి, గాలి లోపలికి పోనివ్వాలి, ఆ తర్వాత పాదం పక్కకు వంచి లాగాలి. గుంజితే ఇంకా దిగుతుంది. బురద మీద చేపలు గెంతుతుండేవి, చేపలు నేల మీద గెంతడం నేనెప్పుడూ చూడలేదు. వాటిని లేవటా అంటారని, సూరత్‌లో ఇష్టంగా తింటారని తర్వాత తెలిసింది. ఒక చేయి పెద్దగా ఒక చేయి చిన్నగా ఉండే పీతలు వందలకొద్దీ బొరియల ముందు నిలబడి ఆ పెద్ద చేయి ఊపేవి. మనల్ని రమ్మంటున్నాయి అనేవాడు నాయిన. నేను తిరిగి చేయి ఊపేదాన్ని.

మధ్యాహ్నం మడచెట్టు నీడలో సర్వపిండి తిన్నాక ఆయన బొమ్మలు వేసేవాడు. నక్ష అంచుల్లో పీతలు, కొంగలు, చలికాలంలో వచ్చే ఫ్లెమింగోల కాళ్లు. రంగులు అద్దకం మిల్లులో మిగిలినవి, ఒక దోస్తు చిన్న సీసాల్లో పోసి ఇచ్చేవాడు. ఎరుపు, నీలం, పసుపు, గులాబీ అన్నీ ఉండేవి కాని బురద రంగు ఉండేది కాదు. ఆ రంగు చీర ఎవరు కడతారు? టీ డికాక్షన్‌తో ప్రయత్నించాడు, చింతపండు పులుసుతో ప్రయత్నించాడు. చివరికి ఆ బురదనే డబ్బాలో తెచ్చి, మిద్దె మీద ఎండబెట్టి, టీ వడగట్టే జాలితో జల్లించి, జిగురు కలిపి పూశాడు. సరిగ్గా కుదిరింది. అమ్మ కొత్త జాలి కొనుక్కుంది, పాతది మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు.

ఖాడీలకూ దిబ్బలకూ పేర్లు మేమే పెట్టుకున్నాం. నేను జారి నడుం దాకా పడిన చోటు బిడ్డ జారిన వాగు. కూర్చుని సకినాలు తిన్న మిట్ట సకినాల దిబ్బ. రెండు కొంగలు కొట్లాడుకున్న మలుపు కొంగల కొట్లాట. నాయిన గుండ్రటి అక్షరాలతో తెలుగులో రాసేవాడు. మూడేళ్లలో నక్ష మా గది గోడంత అయింది. దాన్ని పరిచి చూసుకోవాలంటే మంచం ఎత్తి నిలబెట్టాల్సి వచ్చేది.

నాకు పదమూడో ఏడు నడుస్తుండగా ఒక ఆదివారం నీళ్లు మమ్మల్ని చుట్టేశాయి. అంతకు ముందురోజు అమావాస్య. అమావాస్యకూ పున్నమికీ పోటు ఎక్కువని నాయినకు తెలుసు. కాని ఆ రోజు కొత్త మలుపు ఒకటి దొరికిన సంతోషంలో మరిచిపోయాడు. వచ్చేటప్పుడు చీలమండ దాకా ఉన్న ఖాడీ తిరిగి చూసేసరికి నా నడుం దాకా ఉంది, ఇంకా పెరుగుతోంది. దగ్గర్లోని మిట్ట ఎక్కాం. నాయిన నక్ష చుట్టను చెట్టు కొమ్మల్లో పైన ఇరికించాడు. నన్ను ఇంకో చెట్టు మీద కూర్చోబెట్టి, నీళ్లు మాను మీద ఎన్ని వేళ్లు ఎక్కుతున్నాయో లెక్కపెట్టమన్నాడు. నేను శ్రద్ధగా లెక్కపెట్టాను. పద్నాలుగు వేళ్ల దాకా వచ్చాక అర్థమైంది, ఈ లెక్క ఏ నక్షకూ అక్కర్లేదని, నేను భయపడకుండా ఉండేందుకే ఇచ్చాడని. అయినా ఆపలేదు.

ఇరవై రెండో వేలు దగ్గర పడవ వచ్చింది. అందులో ఒకావిడ, యాభై ఏళ్లుంటాయి, కచ్చ పోసి చీర కట్టుకుని, వలలు ముందేసుకుని ఒక్కతే నడుపుకుంటూ వస్తోంది. మమ్మల్ని ఎక్కించుకుంది. ఎక్కించుకున్న క్షణం నుంచి గుజరాతీలో నాయినను తిట్టడం మొదలుపెట్టింది. "అమాస మర్నాడు పిల్లను తీసుకుని వస్తావా ఇక్కడికి? మీ ఇంట్లో కేలెండర్ లేదా?" నాయిన తల వంచుకుని, తప్పయింది బెన్, తప్పయింది అంటూ కూర్చున్నాడు. బెన్ అంటే అక్కయ్యో చెల్లెలో, ఇక్కడ ఏ ఆడమనిషినైనా అలాగే పిలుస్తారు.

కాస్త చల్లబడ్డాక ఆ చుట్ట ఏమిటని అడిగింది. నాయిన విప్పి చూపించాడు. ఇది నది, ఇది మీరు మమ్మల్ని ఎక్కించుకున్న మిట్ట, ఇదిగో ఈ ఖాడీ పేరు ఇదీ అని హిందీలో అర్థం చెప్పాడు. ఆవిడ తెడ్డు వేయడం ఆపేసింది. పడవ ఊగేంతగా నవ్వింది.

"దానికి పేరు లేదని నీకు ఎవరు చెప్పారు?"

పేరుంది. అన్నింటికీ ఉన్నాయి. నేను జారిన ఖాడీ రిసాయేలీ, అంటే అలిగినది. మిగతా ఖాడీలతో కొంతదూరం కలిసి నడిచి, ఉన్నట్టుండి మొహం తిప్పుకుని పోతుంది గనక ఆ పేరు. మేం ఎక్కి నిలబడ్డ మిట్ట పాఘడీ, తలపాగా. అన్నీ మునిగాక ఆఖర్న అదొక్కటే తలపాగాలా తేలుతుంది. మా సకినాల దిబ్బను వాళ్లు రోట్లో అంటారు, రొట్టె. ఆ ఒక్క మాటకు మాత్రం నాయిన మొహం వెలిగింది. అక్కడికి వచ్చిన ప్రతి మనిషికీ తిండే గుర్తొస్తుందన్నమాట.

ఆ వారమంతా నాయిన కార్ఖానా నుంచి వచ్చాక నక్ష పరుచుకుని, రబ్బరుతో ఒక్కొక్క పేరే చెరిపాడు. ఎందుకు చెరుపుతున్నావని నేను కొట్లాడాను. నా పేరు మీద ఉన్న వాగు అది. నాయిన రబ్బరు పొట్టు ఊదేసి, "మంది కన్న పిల్లలకు నేను పేర్లు వెట్టుకుంట తిరిగిన బిడ్డా, ఇన్ని దినాలు" అన్నాడు. నేను ఏడుపు ఆపకపోతే, నక్ష అంచులో ఒక పీతకూ ఒక కొంగకూ మధ్య, బురదలో కూలబడి నోరు తెరిచి ఏడుస్తున్న పిల్లను గీశాడు. అది నేనే. ముక్కు మరీ పెద్దగా గీశాడని ఇంకాసేపు ఏడ్చాను.

తర్వాతి ఆదివారం మేం ఆవిడ ఊరు వెతుక్కుంటూ పోయాం. నాయినకు బెన్ కాబట్టి నాకు ఫోయీ అయింది. మేనత్తను గుజరాతీలో అలా అంటారు. ఆవిడ భర్త పోయి చాలా ఏళ్లయింది. వల, పడవ, రెండు మేకలు ఆవిడ సంసారం. పేర్లు చెప్పమని అడిగితే, నేను ఇక్కడ కూర్చుని చెప్తే రావు, చోటు కనబడితేనే నోటికి వస్తాయి అంది. అందుకని పడవలో పోయాం. ప్రతి మలుపులోనూ ఒక పేరు, పేరు వెనక ఒక కథ. ఎవరి పెళ్లి పడవ ఎక్కడ బురదలో దిగబడితే పెళ్లికొడుకు దిగి తోశాడో, ఏ ఖాడీలో ఏ నెలలో రొయ్య పడుతుందో. నాయిన గుజరాతీ విని తెలుగు అక్షరాల్లో రాసుకునేవాడు, నేను గట్టిగా చదివి వినిపిస్తే ఫోయీ పలుకు సరిదిద్దేది.

పేర్లన్నీ రాశాక నక్షను ఆవిడ ముందు పరిచాడు. ఆవిడ అటు తిప్పింది, ఇటు తిప్పింది. చివరికి సముద్రం పైకి వచ్చేలా పెట్టుకుని, ఇప్పుడు సరిగ్గా ఉంది అంది. పటాల్లో ఉత్తరం పైన ఉంటుందని నాయిన వివరించబోయాడు. ఆవిడకు ఆ మాట తలకెక్కలేదు. పడవలో బయల్దేరితే ఎదురుగా సముద్రమే కదా ఉంటుంది, ఎదురుగా ఉన్నది పైన కాక ఇంకెక్కడ ఉండాలి? నాయిన కొత్త గళ్ల కాయితాలు అతికించి, పడమర పైకి పెట్టి, మొత్తం మొదటి నుంచి మళ్లీ గీశాడు. ఏడాది పట్టింది. అంత సంతోషంగా ఆయన్ని నేను ఇంకెప్పుడూ చూడలేదు.

ఆ కొత్త నక్షను ఆ ఊరి బడి పంతులు చూశాడు. బడి గోడ మీద వేస్తారా అని అడిగాడు. దీపావళికి సూరత్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, అన్నీ ఇరవై రోజులు ఆగిపోతాయి. మా గల్లీ అంతా రైలెక్కి ఊళ్లకు పోతుంది. ఆ ఏడు మేం మాత్రం పోలేదు. నాయిన నిచ్చెన ఎక్కి గోడ మీద దారంతో గళ్లు కొట్టాడు. నేను కింద నిలబడి ఏ గడిలో ఏముందో చదివాను. ఊరంతా వచ్చి చూసేది. ఒక ముసలాయన, మా ఖాడీని పొట్టిగా వేశావని పేచీ పెట్టాడు. నాయిన వాదించలేదు. పడవ తీసుకుని పోయి మళ్లీ కొలిచాం. ముసలాయన చెప్పిందే నిజం, నలభై అడుగులు తక్కువ వచ్చింది. అది నా లెక్క తప్పని నాకు తెలుసు. నాయిన ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజు అమ్మ వచ్చింది. ఇన్నేళ్లుగా ఈయన ఏం చేస్తున్నాడో చూద్దామని. అమ్మకు గుజరాతీ రాదు, ఫోయీకి తెలుగు రాదు. ఇద్దరూ పొయ్యి దగ్గర కూర్చున్నారు. ఫోయీ లేవటా చేపలు కోసి ఇచ్చింది, అమ్మ చింతపండూ మన కారమూ వేసి పులుసు పెట్టింది. ఫోయీ దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ, రెండోసారి వడ్డించుకుంది. తిన్నాక అమ్మ గోడ ముందు నిలబడి చాలాసేపు చూసింది. ఖాడీలు, దిబ్బలు, మడచెట్లు, పీతలు, గులాబీ రంగు కొంగలు. ఊరున్న చోట ఒక చిన్న చతురస్రం.

"ఇంత పెద్దగ గీస్తివి," అంది అమ్మ. "మరి మనుషులేడున్నరు?"

నిచ్చెన మీదున్న నాయిన కుంచె లోంచి నీలం కారి ఆయన మోచేతి దాకా వచ్చింది.

మర్నాడు అమ్మ చీరలకు అతికించే రాళ్ల డబ్బా తెచ్చింది. ఇంటికొక రాయి. ఆడవాళ్లంతా చుట్టూ చేరి, మాది ఎరుపు, మాది తెలుపు అని చెప్తుంటే, అమ్మ వేలి కొసకు జిగురు అద్దుకుని ఒక్కొక్కటే అతికించింది. ఫోయీ ఆకుపచ్చ అడిగింది. అది నది వైపు చివరన పెట్టమంది. అరవై మూడు ఇళ్లు వచ్చాయి. అందరిదీ అయ్యాక ఒక కొత్త జంట వచ్చి, మేం వచ్చే నెల వేరు కాపురం పెడుతున్నాం, మాకూ ఒకటి పెట్టండి అన్నారు. అరవై నాలుగు. పొద్దు వాలే ముందు ఎండ ఏటవాలుగా గోడ మీద పడి ఆ రాళ్లన్నీ మెరిశాయి. పిల్లలు మునివేళ్ల మీద లేచి ఎవరి ఇల్లు వాళ్లు వెతుక్కున్నారు. నాయిన నిచ్చెన దిగి, దూరంగా మేకల పక్కన నిలబడి చూశాడు. "నా కంటె మంచిగ గీసింది మీ అమ్మ" అన్నాడు నాతో. ఆ రాత్రి ఇంటికి పోయాక అమ్మతో ఆ మాటే చెప్పినట్టున్నాడు, మర్నాడు ఆమె నడకలోనే తెలిసింది.

తర్వాత చాలా జరిగాయి. కంప్యూటర్ వచ్చి గళ్ల కాయితాన్ని తీసేసింది. నాయిన యాభై దాటాక మౌస్ పట్టడం నేర్చుకున్నాడు, రెండేళ్లు చేసి మానేశాడు. నేను చదువుకుని ఫిజియోథెరపిస్టునయ్యాను, సూరత్‌లోనే అడాజన్‌లో ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. ఇద్దరినీ నా దగ్గరికే తెచ్చుకున్నాను. ప్రతి వానాకాలం తర్వాత ఖాడీలు దారి మార్చుకుంటాయి గనక, ప్రతి దీపావళికీ నాయిన పోయి గోడ మీద మార్చి గీస్తాడు. మోకాళ్లు మాత్రం అరిగిపోయాయి. బురదలో దిగడానికి వీల్లేదని నేనే కరాఖండిగా చెప్పాను. పడవలో కూర్చుని గీస్తానన్నాడు.

పోయిన చలికాలం ఒక ఆర్కిటెక్చర్ కాలేజీ టీచరు ఆ గోడను చూసి, మా పిల్లలతో మాట్లాడమని నాయినను పిలిచింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, నక్షలు చంకలో పెట్టుకుని, దారి పొడుగునా ఏం చెప్పాలె, ఏం చెప్పాలె అని నన్ను చంపాడు. అక్కడికి పోయాక నక్ష పరిచి, సగం హిందీ సగం గుజరాతీలో మాట్లాడటం మొదలుపెట్టి గంటన్నర ఆపలేదు. ఒక కుర్రాడు ఈ ప్రాంతం విస్తీర్ణం ఎంత అని అడిగాడు. నాయిన నిజంగానే ఆలోచించాడు.

"నీళ్లు వెనక్కి పోయినప్పుడు రెండు పూటల నడక," అన్నాడు. "నీళ్లొస్తే ఏమీ లేదు."

పిల్లలు ఆ మాట రాసుకున్నారు. చూడాలని ఉందన్నారు కొందరు. తర్వాతి ఆదివారం ఎనిమిదిమంది వచ్చారు. నేను ముందు నడిచాను, వాళ్లు నా వెనక పడుతూ లేస్తూ, ఒకరినొకరు పట్టుకుని లాగుతూ, నవ్వుతూ వచ్చారు. నాయిన, ఫోయీ పడవలో. ఫోయీకిప్పుడు డెబ్బై దాటాయి, తెడ్డు మేనల్లుడు వేస్తాడు, దారి మాత్రం ఆవిడే చెప్తుంది. మేం ఒక మలుపు తిరిగి వచ్చేసరికి పడవలో ఫోయీ, మేనల్లుడే ఉన్నారు. నాయిన లేడు. చూస్తే అవతలి ఒడ్డున, పిక్కల దాకా బురదలో, ప్యాంటు మడిచి నిలబడి, వెనకబడిపోయిన ఇద్దరు పిల్లలకు మడమ ఎలా కదపాలో చూపిస్తున్నాడు.

నన్ను చూసి, "జర దిగిన, అంతే" అన్నాడు.

కోప్పడదామని నోరు తెరిచాను. ఆలోపు నా వెనకున్న అమ్మాయి జారి నా మీద పడింది, ఇద్దరం కలిసి బురదలో కూర్చున్నాం. లేవడానికి చాలాసేపు పట్టింది, నవ్వు ఆగక.